వచ్చుకీ వద్దుకీ మధ్య పద్దెనిమిది నిమిషాలు

మా స్టేషన్లో ఇప్పటికీ ఒక నియమం నడుస్తోంది. తెర మీద చదివే ఏ ప్రకటనలోనూ ‘చేయవద్దు’, ‘తాకవద్దు’, ‘వెళ్ళవద్దు’ అని ఉండకూడదు. ‘చేయకూడదు’, ‘తాకకూడదు’ అనే రాయాలి. కొత్తగా చేరిన అమ్మాయిలు ఇదేం చాదస్తమని మూతి విరుస్తారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో వాళ్ళకి తెలీదు, అడిగే ఓపికా లేదు. రిటైరై ఇంట్లో కూర్చున్న నాకు మాత్రం చెప్పకపోతే తోచదు. పెట్టింది మా వదిన. ఎందుకు పెట్టిందో చెప్పాలంటే ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళూ ఒప్పుకోలేదు.

వదిన మా అన్నయ్య భార్య. పెళ్ళయి మా ఇంటికి వచ్చేనాటికే టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరు. ఆమె గొంతు వింటే, కోపంగా ఫోనెత్తినవాడు కూడా స్వరం తగ్గించి మాట్లాడేవాడని చెప్పుకునేవారు. అన్నయ్య పడింది కూడా ఆ గొంతుకే. రోజుకి నాలుగుసార్లు కావాలని తప్పు నంబరు అడిగేవాడట. ఆ సంగతి ఎత్తితే మొగుడూ పెళ్ళాలిద్దరూ సిగ్గుతో చచ్చిపోయేవారు. అందుకే నేను వారానికొకసారైనా ఎత్తేదాన్ని.

ఆ గొంతుకి తోడు ఆమెకో లోపం ఉండేది. దగ్గరి చూపు ఆనదు. వీధి చివర కరెంటు స్తంభం మీద వాలిన కాకి ముక్కు చూసి చెప్పగలదు, చేతిలో ఉన్న కాగితం మీద అక్షరం మాత్రం అలుక్కుపోయి కనిపించేది. చిన్నప్పటి నుంచీ అంతే. కళ్ళజోడు లేకపోతే ఉత్తరం చదవలేదు, సూదిలో దారం ఎక్కించలేదు.

మా ఊళ్ళో టీవీ స్టేషను పెట్టింది అప్పుడే. స్టేషను అంటే ఇప్పటివాళ్ళకి అద్దాల మేడలు గుర్తొస్తాయేమో. మాది పాత ఐసు ఫ్యాక్టరీ. గోడలు మూరెడు మందం కాబట్టి బయటి చప్పుడు లోపలికి రాదని అక్కడ పెట్టారు. లోపల లైట్లు వేస్తే పది నిమిషాల్లో చొక్కాలు తడిసిపోయేవి. ఐసు ఫ్యాక్టరీలో జనం ఉడికిపోయేది ప్రపంచం మొత్తం మీద మా దగ్గరే అయి ఉంటుంది. టేపు మీద ఎక్కించి తర్వాత చూపించడం లాంటివి అప్పటికి మాకు లేవు. చదివింది చదివినట్టు అప్పటికప్పుడు ఇళ్ళలోకి వెళ్ళిపోవాల్సిందే. నోరు జారితే జారినట్టే.

నేను అక్కడ అట్టలు రాసేదాన్ని. మా నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడు, ఆ కుంచె నాకు అబ్బింది. నల్ల అట్ట మీద తెల్ల రంగుతో కార్యక్రమాల పేర్లు రాసి కెమెరా ముందు నిలబెట్టేవాళ్ళం. ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అనే అట్ట కూడా నా చేతి రాతే. మా స్టేషన్లో ఎక్కువసార్లు తెరమీద కనిపించిన మొహం దానిదే.

వార్తలకి ఆడమనిషిని తీసుకుంటారని తెలిసి వదినని లాక్కెళ్ళింది నేనే. అంతవరకూ వార్తలు మగవాళ్ళే చదవాలని లెక్క. మాకున్న ఒక్క చదువరికి గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉండేది, గంభీరం గారు అని పేరు పెట్టుకున్నాం. ఆడవాళ్ళు అశుభవార్తలు చదువుతూ ఏడ్చేస్తారని ఆయన భయం. స్టేషను డైరెక్టరుని అందరూ పెద్దాయన అనేవారు. ఆయన భయం వేరు.

“కళ్ళజోడు ఉంటే మాత్రం కుదరదమ్మా,” అన్నాడు పెద్దాయన. “లైట్లు పడి అద్దాలు తెల్లగా మెరిసిపోతాయి. పైగా టీచరమ్మ బెత్తం పట్టుకుని చెప్పినట్టుంటుంది. జనం ఛానెలు మార్చేస్తారు.”

ఉన్నదే ఒక్క ఛానెలు. మార్చి ఎక్కడికి పోతారో ఆయనకే తెలియాలి.

దరఖాస్తులో ఒక గడి ఉంది: ‘చూపు బాగున్నదా? కళ్ళద్దాలు అవసరమా?’ వదిన నా వైపు చూసింది. నేను కళ్ళతోనే రాసెయ్యమన్నాను. అవసరం లేదని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకమే తర్వాత నాలుగేళ్ళు మా ఇద్దరి గుండెల మీద కూర్చుంది.

పరీక్షకి ఇచ్చిన వార్తలు ముందురోజే నా చేతికొచ్చాయి కాబట్టి బట్టీపట్టి గట్టెక్కింది. రోజూ బట్టీ ఎక్కడ పడుతుంది? వార్తలు వచ్చేదే చివరి గంటలో. అప్పుడు నాకు తట్టింది. ఆమెకి దూరం బాగా కనిపిస్తుంది కదా, వార్తలన్నీ అట్టల మీద బొటనవేలంత అక్షరాలతో రాసి కెమెరా పక్కన పట్టుకుంటే సరి. కాగితాలు మర్యాద కోసం బల్ల మీద ఉంటాయి. నేను అట్ట తర్వాత అట్ట తీస్తూ ఉంటాను, ఆమె చదువుతూ ఉంటుంది. ఇది ఆమె పద్ధతి అని ఫ్లోర్ మేనేజరుకీ కెమెరామన్‌కీ చెప్పాం. అసలు కారణం మా ఇద్దరికే తెలుసు. అన్నయ్యకి కూడా చెప్పలేదు, ఆయన కడుపులో మాట నిలవదు.

ఆమె పేరు మోగిపోయింది, అదీ ఈ లోపం పుణ్యమా అనే. గంభీరం గారు తలొంచుకుని కాగితం చూసి చదివేవాడు, జనానికి ఆయన పాపిడి కనిపించేది. వదిన తలెత్తి, ఇంట్లో కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి చూస్తూ చెప్పేది. ‘ఆ అమ్మాయికి వార్తలన్నీ నోటికి వచ్చు’ అనుకునేవారు. ‘మా ఇంట్లో మనిషి చెప్పినట్టుంటుంది’ అని ఉత్తరాలు రాసేవారు. ఆమె చెప్పిందంటే నిజమే అనుకోవడం ఊరికి అలవాటైపోయింది.

మాకు మాత్రం రోజూ ముళ్ళ మీద కూర్చున్నట్టే. ఏడింటికి వార్తలంటే ఆరున్నర నుంచి వదిన చేతులు చల్లబడేవి. కెమెరా మీద ఎర్రదీపం వెలిగే ముందు ఆమె నోరు తడారిపోవడం, కుర్చీ అంచుని వేళ్ళతో నొక్కి పట్టుకోవడం నాకు కనిపించేది. దీపం వెలిగాక మొహంలో ఏమీ ఉండేది కాదు.

“ఏదో ఒకరోజు మధ్యలో చీటీ వస్తుంది,” అనేది ఇంటికి నడిచి వస్తూ. “అట్ట రాసే టైముండదు. ఆ రోజు నా పని అయిపోతుంది. నాదే కాదు, ‘చూశారా, ఆడవాళ్ళకి ఇది పనికిరాదని చెప్పాం’ అంటారు. నా వెనకాల ఒక్కదాన్ని కూడా రానివ్వరు.”

“రెండు నిమిషాలు చాలు వదినా నాకు. ఎంత చీటీ అయినా రాసేస్తాను.”

“నువ్వుండబట్టే బతుకుతున్నానే.”

ఆ మాట అన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

అయిదో ఏడు వానాకాలంలో ఊళ్ళో మంచినీళ్ళ గొట్టం పగిలి అందులో మురుగు కలిసింది. వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి వరండాలు కూడా నిండిపోయాయి. మూడు రోజుల పాటు కుళాయిలు కట్టేశారు. ట్యాంకర్ల నీళ్ళ కోసం జనం బిందెలతో కొట్టుకున్నారు. గొట్టం అతికేశారని, పరీక్షకి నీళ్ళు పంపారని, ఇవాళో రేపో తాగవచ్చని చెబుతారని నాలుగో రోజు పొద్దుటి నుంచీ ఒకటే మాట. స్టేషన్లో కూడా అందరి నోటా అదే. సాయంత్రం కుళాయిలు వదిలారు. నీళ్ళు వస్తున్నాయి, తాగవచ్చో లేదో చెప్పాల్సింది మేమే.

ఏడూ పదికి, వార్తలు ముగియబోతుండగా, నీళ్ళ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మా ఆఫీసు గుమస్తా విని పెన్సిలుతో చీటీ రాసి లోపలికి పంపాడు. నేను చీటీ చూసి కుంచె తీశాను. ‘నీటి పరీక్ష ఫలితం అందింది. కుళాయిల్లో వస్తున్న నీళ్ళు...’ ఇంతవరకూ చీటీ చూశాననే అనుకుంటాను. ఆ తర్వాత చెయ్యి తనంతట తాను వెళ్ళిపోయింది. రాసి, తడి ఆరకముందే అట్ట ఎత్తాను. చీటీని మామూలుగానే ఫ్లోర్ మేనేజరు వంగి వెళ్ళి వదిన ముందు బల్ల మీద పెట్టాడు.

వదిన నా వైపు, అంటే ఊరి వైపు, తలెత్తి చూసి చిన్నగా నవ్వింది. మంచి కబురు కదా.

“కుళాయిల్లో వస్తున్న నీళ్ళు తాగవచ్చు.”

వార్తలు అయిపోయాయి. ఎర్రదీపం ఆరింది. తోటపని మీద అరగంట సినిమా రీలు మొదలైంది, అది అయ్యాక ప్రసారాలు ముగింపు. వదిన హమ్మయ్య అని వెనక్కి వాలింది. గంభీరం గారు మర్నాటి వార్తల కోసం బల్ల మీద కాగితాలు సర్దుతూ పెన్సిలు చీటీ చేతిలోకి తీసుకుని, దీపం దగ్గరగా పట్టుకుని చూశాడు.

“ఇదేంటమ్మా,” అన్నాడు. “ఇక్కడ తాగవద్దు అని కదా ఉంది?”

చీటీ లాక్కుని చూశాను. ద కింద ద వత్తు. గుమస్తా రాత కోడిగీతలే, కానీ ద ద లాగే ఉంది. నేను అట్ట మీద చ కింద చ వత్తు రాశాను. పొద్దుటి నుంచి చెవుల్లో పడుతున్న మాట రాశాను.

వదిన మొహం పాలిపోయింది. ఆమె ముందున్న కాగితం వద్దంది, ఆమె నోరు తాగమంది. కాగితం చదవగలిగిన మనిషి ఎవరైనా ఆ కుర్చీలో ఉంటే ఒక్క క్షణం తల దించి చూసి ఆగేవారు.

“వదినా, నేనే...”

“తర్వాత.” నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి మంచుగడ్డ. “ఎంతసేపైంది?”

ఆరు నిమిషాలు. పెద్దాయన గదికి పరిగెత్తాం. విషయం విని ఆయన కుర్చీలోంచి లేచాడు. నీళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే జీపుల మీద మైకు పెట్టి చెప్పిస్తామన్నారు వాళ్ళు.

“రేపు పొద్దునా?” అంది వదిన. “ఇప్పుడు అందరి ఇళ్ళలోనూ వంటలూ భోజనాలూ అండీ.”

“ఇందాక తాగమని ఇప్పుడు వద్దంటే, ఇక మన మాట ఎవరమ్మా నమ్ముతారు?” పెద్దాయన మళ్ళీ ఫోను అందుకున్నాడు. “పైకి ఫోన్ చేసి అడుగుతాను. ఉండండి.”

పైవాళ్ళు భోజనానికి వెళ్ళారట. ఆయన ఫోను పట్టుకుని నిలబడే ఉన్నాడు. గోడ మీద గడియారం ముల్లు కదులుతోంది. ఈపాటికి ఏ ఇంట్లో ఎవరు గ్లాసు ముంచుతున్నారో. గంభీరం గారు, ఎప్పుడూ మాతో సరిగ్గా మాట్లాడని మనిషి, ముందుకొచ్చాడు.

“రీలు ఆపించండి. నేను చదువుతాను.”

“మీరు చదివితే ఆవిడ ఒకటంది ఈయన ఒకటన్నాడు అనుకుంటారండీ,” అంది వదిన. “తాగమన్న నోరే వద్దనాలి.”

పెద్దాయన అవుననలేదు, కాదనలేదు. వదిన స్టూడియోలోకి వెళ్ళిపోయింది. గంభీరం గారు రీలు ఆపించాడు. నేను అట్ట తీసుకున్నాను గానీ కుంచె ముంచబోతే రంగు డబ్బా ఒలికిపోయింది. వదిన అది చూసింది. సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఆ గదిలో నేను తప్ప ఆ కళ్ళజోడు చూసినవాళ్ళెవరూ లేరు. ఫ్లోర్ మేనేజరు నోరు తెరుచుకుని ఉండిపోయాడు, మొదలెట్టమని చెయ్యి ఊపడం కూడా మరిచిపోయాడు. ఎర్రదీపం వెలిగింది.

లైట్లు పడి అద్దాలు రెండూ తెల్లగా మెరిశాయి. పెద్దాయన అన్నట్టే కళ్ళు కనిపించలేదు. జనం అంత ఇష్టపడ్డ ఆ కళ్ళు. చీటీ ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసి, తలెత్తింది.

“ఇందాక కుళాయి నీళ్ళు తాగవచ్చు అని చెప్పాను. నేను తప్పు చదివాను. తాగవద్దు. ద కింద ద వత్తు. తాగకూడదు. పట్టుకున్న నీళ్ళుంటే పారబోయండి. పిల్లలకి ఇవ్వకండి. మీ పక్కింటివాళ్ళకి కూడా చెప్పండి. తప్పు నాది.”

మూడుసార్లు చెప్పింది. ఆ మాటకీ ఈ మాటకీ మధ్య పద్దెనిమిది నిమిషాలు.

తర్వాత విచారణ జరిగింది. దరఖాస్తు బయటికి తీశారు, సంతకం చూపించారు. అబద్ధపు సంతకం పెట్టిందని ఎనిమిది నెలలు ఆమెని తెర మీదికి రానివ్వలేదు. అట్ట రాసింది నేనని చెప్పబోతే నా నోరు మూయించింది.

“అట్టలు ఎందుకు రాశావని అడుగుతారు, నీకూ ముందే తెలుసని బయటపడుతుంది. నా కళ్ళ సంగతి దాచింది నేను. నీ ఉద్యోగం కూడా ఎందుకు పోవాలి?”

నేను నోరు మూసుకున్నాను. మూసుకోవడం తేలికే అయింది, అదే నాకు సిగ్గు.

ఎనిమిది నెలల తర్వాత జనం ఉత్తరాలు పడలేక మళ్ళీ పిలిచారు, కళ్ళజోడుతోనే. లైటు రెండు మూరలు పైకి జరిపితే అద్దాల మెరుపు పోయింది. రెండు మూరలు! దాని కోసం నాలుగేళ్ళు మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాం. ఆ తర్వాత పదిహేడేళ్ళు చదివింది. ఆమె చేతి కింద పదకొండు మంది అమ్మాయిలు తయారయ్యారు. ‘వద్దు’ మాట తీసేయించింది కూడా అప్పుడే. కానీ చదివిన ప్రతిరోజూ ఏడింటికి ముందు ఆమె చేతులు చల్లబడుతూనే ఉండేవి. ఒక్కరోజు కూడా ఆ భయం ఆమెని వదలలేదు. నన్నూ వదలలేదు.

ఇంకొకటి చెప్పాలి. అట్ట రాసింది నేనని ఎవరికీ చెప్పనట్టే, ఇదీ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడు పొద్దున్నే వదిన ఆసుపత్రికి బయల్దేరింది. వద్దన్నా వినలేదు, వెంట నేనూ వెళ్ళాను. రాత్రి కొత్తగా చేరినవాళ్ళని ఒక వార్డులో వేశారు, ఇరవై మూడు మంచాలు. ఆ వార్డులో ఎవరూ చనిపోలేదని ముందే చెప్పేస్తున్నాను, నాకు ఉత్కంఠలు పెట్టడం చేతకాదు. కానీ ఆ పొద్దున మాకది తెలీదు. వదిన కొంగు కప్పుకుని మంచం మంచం దగ్గరా ఆగి ఒక్కటే ప్రశ్న అడిగింది.

“మీ ఇంట్లో టీవీ ఉందా అండీ?”

“మా మొహాలకి టీవీ కూడానా?” అన్నాడొకాయన. వదిన ఊపిరి వదిలింది. ఇంకొకావిడ లేదంది. ఒక ముసలాయన, ఉంది గానీ నెల నుంచి పాడై మూలన పడుందన్నాడు. అలా ఒక్కో మంచం దాటుతుంటే ఆమె భుజాలు కాస్త కాస్త దిగుతున్నాయి. చివరి మంచం మీద ఆరేళ్ళ పిల్ల ఉంది. చేతికి సెలైను, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పక్కన తల్లి కూర్చుని కాగితంతో విసురుతోంది.

“టీవీ మాకెక్కడిదమ్మా,” అంది ఆ తల్లి.

వదిన కళ్ళు మూసుకుని తెరిచింది. వెళ్ళిపోవడానికి తిరిగింది.

“ఎదురింటివాళ్ళ కిటికీ దగ్గర నిలబడి చూస్తాం,” అంది ఆవిడ. అప్పుడు గొంతు గుర్తుపట్టి లేచి నిలబడింది. “మీరే కదమ్మా? రాత్రి మీరు తాగొచ్చనగానే మా చిన్నది ఉరుక్కుంటూ పోయి కుళాయి కింద దోసిలి పట్టేసింది. పెద్దపిల్లలిద్దరికీ గ్లాసుల్లో పోస్తున్నాను, అంతలో మీరు మళ్ళీ వచ్చి వద్దన్నారని ఎదురింటామె కేకేసింది. పారబోశాను. మీరు రాకపోతే ముగ్గురూ ఇక్కడే ఉండేవాళ్ళు. మీరు చల్లగా ఉండాలమ్మా.”

అని వదిన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

“తప్పు చదివింది నేనేనమ్మా,” అంది వదిన.

“తెలుసమ్మా. మీరే చెప్పారు కదా.”

వదిన మంచం అంచున కూలబడిపోయింది. పిల్ల కాళ్ళ మీది దుప్పటి జారిపోయి ఉంటే నేను వంగి సరిచేశాను. ఆ తల్లి నా వైపు తిరిగి, మీరెవరమ్మా అని అడిగింది. రాసింది నేను అనడానికి అంతకంటే మంచి చోటు నాకు మళ్ళీ దొరకలేదు.

“మరదల్ని,” అన్నాను.